మాటల నడుమ మ్రోత

తూర్పు కనుమలలో, సీలేరు నదీ తీరాన ఉన్న ఊరు డొంకరాయి. ఇక్కడి జలాశయం కింద 25 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రం ఉంది. చుట్టూ ఎత్తైన కొండలు, దట్టమైన అడవి. ఇటువంటి చోట్ల సెల్‌ఫోన్ విలాసవస్తువు కాదు. ఆపదలో ఆదుకొనే సాధనం. ప్రసవవేదన పడుతున్న స్త్రీ కొరకు, 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 సేవకు ఫోన్ చేసినప్పుడు ఊరి పేరు స్పష్టంగా వినబడకపోతే వాహనం ఆలస్యం కావచ్చు. కనుక మాటల నడుమ వినవచ్చే 'జుయ్' మనే మ్రోతను అల్పవిషయంగా తోసిపుచ్చరాదు.

ఈ మ్రోతకు మూలమేమి? రెండవ తరపు జి.ఎస్.ఎం. పద్ధతిలో ఒకే తరంగమార్గాన్ని ఎనిమిది ఫోన్లు వంతులవారీగా పంచుకొంటాయి. ఒకే బావి వద్ద ఎనిమిదిమంది వంతుల ప్రకారం నీరు తోడుకొనుట వంటిదే ఇది. ప్రతి ఫోనుకు సెకనుకు సుమారు 217 మార్లు వంతు వస్తుంది. ఆ తరంగాలు చెవికి వినబడవు. కాని సమీపంలోని రేడియో, స్పీకరు, ఇయర్‌ఫోన్ తీగ వంటివి ఆ ఆగి ఆగి వచ్చే స్పందనను గ్రహించి ధ్వనిగా మారుస్తాయి. టవరు దూరమైనా, కొండ అడ్డమైనా ఫోన్ తన ప్రసారశక్తిని పెంచుకొంటుంది. అందుచేత సిగ్నల్ బలహీనమైన లోయలలో ఈ బాధ హెచ్చుతుంది. నాల్గవ తరపు పద్ధతిలో ఈ మ్రోత బహుస్వల్పం.

విద్యుత్కేంద్రపు తీగలే కారణమని అనుకొనుట సహజమే. అయితే మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. దాని ధ్వని మందమైన హుంకారం. సరియైన ఎర్తింగ్ లేనిచోట ఛార్జరు తగిలించి, తీగ ఇయర్‌ఫోన్‌తో మాట్లాడునప్పుడు అది వినబడవచ్చు. ఛార్జరు తీయగానే ఆగినచో దోషం ఆ వైపుననే ఉన్నట్లు.

వైద్యుడు ఒక్కొక్క లక్షణాన్నే పరిశీలించినట్లు, దోషాన్ని కూడ వరుసగా వెదకాలి. మొదట వేరొకరికి ఫోన్ చేయాలి. మ్రోత లేకపోతే దోషం బహుశః మొదటివారి వైపున ఉంటుంది. పిదప ఎత్తైన, ఆరుబయటి చోటికి వెళ్లాలి. తగ్గితే సిగ్నల్ బలహీనతే కారణం. అనంతరం ఇయర్‌ఫోన్ తీసి, రేడియో వంటి పరికరాలకు దూరంగా నిలబడాలి. లౌడ్‌స్పీకరులో లేని మ్రోత చెవి వద్దనే ఉంటే, అక్కడి రంధ్రాలలో దుమ్మో తేమో చేరిందేమో చూడాలి. పొడి మెత్తని కుంచెతో తుడవాలి, సూది గుచ్చరాదు. చివరకు సిమ్‌ను మరొక ఫోన్‌లో వేసి చూడాలి. అక్కడా మ్రోత ఉంటే ఫిర్యాదు చేయవలసింది సేవాసంస్థకు. లేకుంటే తీసుకొనిపోవలసింది మరమ్మతు దుకాణానికి.

ఒకేసారి అన్నింటినీ మార్చినవాడు కారణాన్ని తెలిసికొనలేడు. ఒక్కొక్కటిగా మార్చి చూచుటే శాస్త్రదృష్టి. దోషం తీరేవరకు, అత్యవసర సమయంలో ఊరి పేరును, దగ్గరి గుర్తును నెమ్మదిగా రెండుమార్లు చెప్పి, అవతలివారిచేత తిరిగి పలికించుట వివేకం.