చిన్న కాలేజీ అని స్కాలర్‌షిప్ వదులుకోవద్దు

"మాది మండల కేంద్రంలో మామూలు డిగ్రీ కాలేజీ, మాకెవరిస్తారండీ?" ఈ మాట అనుకుని అప్లికేషనే పెట్టని పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. చాలా స్కాలర్‌షిప్‌లకు కావలసింది ఇంటర్ మార్కులు, ఇంటి ఆదాయం. కాలేజీకి గుర్తింపు ఉంటే చాలు, పేరెంత పెద్దదో ఎవరూ చూడరు.

కేంద్ర విద్యాశాఖ ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్పే తీసుకోండి. ఏటా దేశమంతటా 82,000 మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకే. రెగ్యులర్ డిగ్రీ చదువుతుండాలి, కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల లోపుండాలి. ఇంటర్‌లో 80వ పర్సంటైల్ పైన ఉండాలి, అంటే మీ బోర్డులో మీ గ్రూపు వాళ్లలో పైనున్న ఇరవై శాతంలో ఉండాలన్నమాట. డిగ్రీ మూడేళ్లూ ఏటా 12,000 రూపాయలు వస్తాయి. పీజీలో అది 20,000.

ఒక చిక్కుంది. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ దీన్నీ తీసుకోవడం కుదరదు. ఫీజు బాగా తక్కువున్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో 12,000 రూపాయలే లాభం కావచ్చు, ప్రైవేట్ ఇంజినీరింగ్‌లోనైతే రీయింబర్స్‌మెంటే మేలు. దరఖాస్తుకు ముందే రెండూ లెక్కేసుకోండి. ఇంజినీరింగ్, డిప్లొమా అమ్మాయిలు ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్‌ను కూడా చూడాలి: ఏటా 50,000, ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకూ.

అసలు ఇబ్బంది అప్లికేషన్ పెట్టాక మొదలవుతుంది. ఈ రెండింటికీ దరఖాస్తు చేసే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మీరు సబ్మిట్ కొట్టగానే పని అయిపోదు. మీ కాలేజీ నోడల్ అధికారి లాగిన్‌లో దాన్ని వెరిఫై చేస్తేనే ఫైలు పైకి కదులుతుంది. చిన్న కాలేజీల్లో అడ్మిషన్లు, పరీక్ష ఫీజులు, స్కాలర్‌షిప్‌లు అన్నీ ఒక్కరే చూసుకుంటుంటారు, పని ఒత్తిడిలో గడువు దాటిపోవచ్చు. అందుకే ఫారం ప్రింటవుట్, ఆదాయ ధ్రువపత్రం, బోనఫైడ్, ఇంటర్ మెమో, ఫీజు రసీదు ఒకే కవరులో పెట్టి మీరే వెళ్లి ఆఫీసులో ఇవ్వండి. వారం తర్వాత పోర్టల్‌లో స్టేటస్ చూడండి. 'డిఫెక్టివ్' అని తిరిగొస్తే భయపడొద్దు, దిద్ది మళ్లీ పంపే అవకాశముంటుంది, కాకపోతే గడువు లోపలే. ఆఫీసులో అడగడానికి మొహమాటపడొద్దు.

డబ్బు మంజూరయ్యాక కూడా ఆగిపోయే చోటు బ్యాంకు. ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఎన్‌పీసీఐలో సీడింగ్ కావాలి, అంటే మీ ఆధార్‌కు వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో ఆ చెల్లింపుల సంస్థ దగ్గర నమోదవ్వాలి. రెండు ఖాతాలుంటే, చివరగా సీడింగ్ అయిన దాంట్లోకే డబ్బు పడుతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరిస్తే ఏ బ్యాంకో కనిపిస్తుంది.

డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లు రిలయన్స్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్‌కూ ప్రయత్నించవచ్చు. ఏటా 5,000 మందికి, కోర్సు మొత్తానికి 2 లక్షల దాకా ఇస్తారు. ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ పరీక్ష తప్పనిసరి.

సెంట్రల్ సెక్టార్ వచ్చినవాళ్లు ప్రతి ఏడూ రెన్యూవల్ చేసుకోవాలి. అందుకు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి. ఫలితాలు రాగానే మెమో కాపీ తీసిపెట్టుకోండి, రెన్యూవల్ ఫారం కూడా మళ్లీ కాలేజీ వెరిఫికేషన్‌కే వెళ్తుంది.