దీపం మార్చితే పెన్నలో నీరు మిగులుతుందా?

అనంతపురం పీఠభూమిని గురించి మీరు భూగోళ పాఠంలో చదివే ఉంటారు. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను దాటి ఇక్కడికి వచ్చేసరికి వాటిలోని తేమ చాలావరకు కనుమలకు ఆవలే కురిసిపోతుంది. ఈశాన్య ఋతుపవనాలు సముద్రతీరం నుంచి ఇంత లోపలికి చేరేసరికి బలహీనపడతాయి. అందువల్ల ఇక్కడ సంవత్సరానికి కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదైనా అదనుకు పడితేనే వేరుశనగ చేతికి వస్తుంది. ఇలాంటి చోట ప్రతి బిందె నీటికీ లెక్క ఉంటుంది.

నీటికి లెక్క చూసేవారు దీపానికి కూడా లెక్క చూడాలా? కరెంటు దీపం వెలగటానికి నీటితో పనేమిటి అని మీకు అనిపించవచ్చు. కాని, సాయంత్రం మనం ఇంట్లో స్విచ్ వేసినప్పుడు ఎక్కడో కొంత నీరు ఆవిరై ఆకాశంలో కలిసిపోతూ ఉంటుంది. అది ఎలా జరుగుతుంది? ఎంత నీరు పోతుంది? దీపం మార్చితే ఎంత మిగులుతుంది? లెక్క కట్టి చూద్దాం.

బల్బా? కుంపటా?

పాతకాలపు గాజు బల్బును ఒకసారి గుర్తుచేసుకోండి. అందులో సన్నని టంగ్‌స్టన్ తీగ చుట్ట ఉంటుంది. దానినే తంతువు అంటారు. దాని గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు నిరోధం వల్ల తీగ వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత సుమారు 2,500 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరినప్పుడు తెల్లగా మెరుస్తుంది. అంటే ఈ బల్బులో కాంతి నేరుగా పుట్టటం లేదు. ముందు వేడి పుడుతున్నది, ఆ వేడిలో నుంచి కొద్దిగా వెలుతురు వస్తున్నది. కమ్మరి కొలిమిలో కాలిన ఇనుము ఎర్రగా వెలగటం లాంటిదే ఇది.

మనం ఇచ్చిన విద్యుచ్ఛక్తిలో దాదాపు 5 శాతమే కంటికి కనిపించే కాంతిగా మారుతుంది. మిగిలిన 95 శాతం వేడిగా పోతుంది. అనంతపురం ఎండాకాలంలో ఆ వేడి ఎవరికి కావాలి?

తరువాత వచ్చిన సి.ఎఫ్.ఎల్. దీపం పద్ధతి వేరు. అందులో పాదరసపు ఆవిరి గుండా విద్యుత్తు ప్రవహించి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు పుడతాయి. గాజు గొట్టం లోపలి పూత ఆ కిరణాలను పీల్చుకొని తెల్లని వెలుతురును ఇస్తుంది. తంతువు బల్బు ఇచ్చే వెలుతురును ఇది నాలుగో వంతు, అయిదో వంతు విద్యుత్తుతోనే ఇస్తుంది. అయితే లోపల పాదరసం ఉండటం దీని లోపం.

ఎల్.ఇ.డి. దీపంలో తీగా లేదు, వాయువూ లేదు. రెండు రకాల అర్ధవాహకాలను కలిపిన ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. ఒకదానిలో ఎలక్ట్రాన్లు ఎక్కువ. రెండవదానిలో ఎలక్ట్రాన్లు ఉండవలసిన చోట ఖాళీలు ఎక్కువ. విద్యుత్తును పంపినప్పుడు ఈ రెండూ కలిసే సంధి దగ్గర ఎలక్ట్రాన్లు ఖాళీలలోకి దిగుతాయి. అప్పుడు వదిలే శక్తి నేరుగా కాంతిగా బయటికి వస్తుంది. ఎర్రని కాంతి ఇచ్చే ఎల్.ఇ.డి.ని 1962లోనే తయారుచేశారు. కాని తెల్లని వెలుతురుకు నీలం కావాలి. ప్రకాశవంతమైన నీలపు ఎల్.ఇ.డి. 1990లలో గాని చేతికి రాలేదు. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలపు కాంతిలో కొంత భాగాన్ని పసుపు పూత మార్చివేస్తుంది. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి.

పది రూపాయల బల్బు

ఆ నోబెల్ బహుమతి వచ్చిన 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు ఎల్.ఇ.డి. బల్బులు పంచే పథకం మొదలైంది. మొదటి విడతకు ఎంచుకున్న నాలుగు జిల్లాలు అనంతపురం, గుంటూరు, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం. పాత 60 వాట్ల బల్బులు రెండు ఇస్తే, ఒక్కొక్కటి 10 రూపాయల చొప్పున 7 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు రెండు ఇచ్చేవారు. ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్ అనే ప్రభుత్వరంగ సంస్థ బల్బులను టోకున కొని సరఫరా చేసింది. 2015 జనవరిలో ఈ కార్యక్రమం దేశమంతటికీ విస్తరించింది. తరువాత దానికి ఉజాలా అని పేరు పెట్టారు. ఇప్పటివరకు ఆ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి.

ఒకేసారి లక్షల బల్బులు కొంటే ధర ఎలా దిగుతుందో చూడండి. 2014 ప్రారంభంలో ఆ సంస్థ ఒక్కొక్క బల్బును 310 రూపాయలకు కొన్నది. 2016 నాటికి ఆ ధర 38 రూపాయలకు పడిపోయింది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. వాట్లు వెలుతురుకు కొలత కాదు. అవి దీపం ఎంత వేగంగా విద్యుచ్ఛక్తిని వాడుకుంటుందో చెబుతాయి. వెలుతురుకు కొలత ల్యూమెన్. 60 వాట్ల తంతువు బల్బు సుమారు 700 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది. ఇంచుమించు అంత వెలుతురుకు ఎల్.ఇ.డి. దీపానికి 7 వాట్లు చాలు.

కరెంటు తాగే నీరు

ఇప్పుడు నీటి సంగతికి వద్దాం. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టిన పెన్నానది అనంతపురం సీమలో ప్రవహించి, తాడిపత్రి దాటి కడప జిల్లాలోకి వెళుతుంది. అక్కడ దానిమీద మైలవరం జలాశయం ఉన్నది. ముద్దనూరు సమీపంలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీరు ఆ జలాశయం నుంచే వెళుతుంది. ఆ కేంద్రం స్థాపిత సామర్థ్యం 1,650 మెగావాట్లు.

థర్మల్ కేంద్రంలో బొగ్గును మండించి నీటిని ఆవిరిగా మారుస్తారు. ఆ ఆవిరి టర్బైనును తిప్పుతుంది, టర్బైను జనరేటరును తిప్పుతుంది. పని ముగిసిన ఆవిరిని మళ్ళీ నీరుగా మార్చాలంటే చల్లార్చాలి. అందుకు వేరే నీటిని గొట్టాల గుండా పంపుతారు. వేడెక్కిన ఆ నీటిని పెద్ద పెద్ద శీతలీకరణ గోపురాలలో పైనుంచి జల్లుగా కురిపించి గాలితో చల్లబరుస్తారు. అప్పుడు అందులో కొంత ఆవిరైపోతుంది. కొత్త కుండలోని నీరు చల్లబడటానికి కొంత నీరు ఆవిరి కావలసినట్లే ఇదీను. పోయిన నీటికి బదులు జలాశయం నుంచి మళ్ళీ తేవాలి.

శీతలీకరణ గోపురాలున్న పాత థర్మల్ కేంద్రాలు ఒక యూనిట్ విద్యుత్తుకు 3.5 లీటర్లకు మించి నీరు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో నిబంధన విధించింది. మన లెక్కకు ఆ 3.5 లీటర్లనే తీసుకుందాం.

మరొక విశేషం ఉన్నది. బొగ్గులోని శక్తిని 100 పాళ్ళు అనుకుంటే, విద్యుత్తుగా మారేది దాదాపు 33 పాళ్ళు. తీగలలో నష్టాలు పోగా ఇంటికి చేరేది సుమారు 30 పాళ్ళు. అందులో 5 శాతమే వెలుతురు చేసే పాత బల్బు చేతికి ఇస్తే మనకు దక్కేది ఒకటిన్నర పాలు! వంద బస్తాల బొగ్గు కాల్చి ఒకటిన్నర బస్తా వెలుతురు తెచ్చుకున్నట్లు.

లెక్క చేద్దాం

ఒక ఇంట్లో రెండు 60 వాట్ల బల్బులు రోజుకు 5 గంటలు వెలుగుతాయనుకోండి.

పాత బల్బులకు: 2 × 60 × 5 = 600 వాట్-గంటలు
ఎల్.ఇ.డి. బల్బులకు: 2 × 7 × 5 = 70 వాట్-గంటలు
రోజుకు ఆదా: 530 వాట్-గంటలు, అంటే 0.53 యూనిట్
సంవత్సరానికి ఆదా: 0.53 × 365 = సుమారు 193 యూనిట్లు
మిగిలే నీరు: 193 × 3.5 = సుమారు 675 లీటర్లు

పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే ఇది 45 బిందెలు. రెండు వందల గడప ఉన్న ఊరంతా ఇలా మారితే సంవత్సరానికి 1,35,000 లీటర్లు మిగులుతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 27 ట్యాంకర్లు! ఎండాకాలంలో ట్యాంకరు కోసం వీధిలో బిందెలు వరుసగా పెట్టిన వారికి ఈ లెక్క విలువ తెలుస్తుంది.

అయితే ఈ నీరు నేరుగా మన బిందెలోకి రాదు. రాష్ట్రంలోని విద్యుత్ కేంద్రాలన్నీ ఒకే గ్రిడ్‌కు కలిసి ఉంటాయి. మన ఇంటికి వచ్చిన యూనిట్ ఏ కేంద్రానిదో విడదీసి చెప్పలేము. బొగ్గు కేంద్రాలలో ఉత్పత్తి ఎంత తగ్గితే అంత నీరు ఏదో ఒక జలాశయంలో మిగులుతుంది.

“మన దగ్గర నంబులపూలకుంటలో పెద్ద సౌరవిద్యుత్ పార్కు ఉన్నది కదా, దానికి ఇంత నీరు అక్కరలేదు కదా?” అని మీలో కొందరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కాని మనం దీపం వేసేది ఎప్పుడు? సూర్యుడు అస్తమించిన తరువాత! సౌరఫలకాలు ఆగిపోయిన ఆ వేళలోనే ఇళ్లన్నింటిలో దీపాలు వెలుగుతాయి. అప్పుడు బరువు ఎక్కువగా పడేది బొగ్గు కేంద్రాల మీద. కాబట్టి సాయంత్రం ఆదా చేసిన యూనిట్‌కు విలువ ఎక్కువ.

దీపం ఒక్కటే చాలదు

ఇంకొక లెక్క కూడా నిజాయితీగా చూడాలి. బోరుకు బిగించిన 5 హార్స్‌పవర్ మోటారు గంటకు సుమారు 3.7 యూనిట్లు వాడుతుంది. అంటే రెండు బల్బుల వల్ల వారం రోజులలో మిగిల్చినది ఆ మోటారు ఒక్క గంటలో వాడేస్తుంది. భూగర్భజలం ఎంత లోతుకు దిగితే ప్రతి లీటరును పైకి తేవటానికి అంత ఎక్కువ శక్తి కావాలి. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని అనంతపురానికి తెచ్చే హంద్రీ-నీవా పథకంలో కూడా నీటిని పంపులతో ఎత్తిపోయవలసిందే. నీటికి కరెంటు కావాలి, కరెంటుకు నీరు కావాలి. కరువు సీమలో ఈ రెండు పద్దులూ ఒకే ఖాతాలోవి.

“మా ఇంట్లో అన్నీ ఎల్.ఇ.డి. దీపాలే” అంటారా? సంతోషం. అయితే ఫ్యాను సంగతి చూడండి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు వాడితే, బి.ఎల్.డి.సి. మోటారు ఉన్న కొత్త ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 10 గంటలు తిరిగితే ఎంత ఆదా అవుతుందో మీరే లెక్కకట్టండి. ఎల్.ఇ.డి. కదా, ఎంత వెలిగినా ఫరవాలేదు అని రాత్రంతా వదిలేస్తే మాత్రం వచ్చిన లాభం కరిగిపోతుంది.

మీరే చేసి చూడండి

ఇంట్లో పెద్దవారిని పక్కన ఉంచుకొని ఈ ప్రయోగం చేయండి. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం మినుకు మినుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మినుకుతుందో మీటరు మీదనే రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద ఆ సంఖ్య 3,200.

ఇంట్లోని పరికరాలన్నీ ఆపివేయండి. ఒక్క పాత 60 వాట్ల బల్బును మాత్రమే వెలిగించి 10 నిమిషాలలో ఎన్ని మినుకులు వచ్చాయో లెక్కపెట్టండి. తరువాత 7 వాట్ల ఎల్.ఇ.డి. దీపంతో అలాగే చేయండి. మీటరు సంఖ్య 3,200 అయితే మొదటిసారి 32, రెండవసారి దాదాపు 4 రావాలి. పాత బల్బు దొరకకపోతే ఫ్యానును, దీపాన్ని పోల్చి చూడండి.

జాగ్రత్తలు: మీటరును తాకవద్దు, మూత తెరవవద్దు. వెలుగుతున్న తంతువు బల్బును ముట్టుకోవద్దు, చేయి కాలుతుంది. సి.ఎఫ్.ఎల్. దీపం పగిలితే కిటికీలు తెరిచి కాసేపు గది బయట ఉండండి. ముక్కలను ఒట్టి చేతులతో ఎత్తకుండా గట్టి కాగితంతో తీసి మూటకట్టాలి.

ఆలోచించండి

1. మీ తరగతిలో అందరి ఇళ్లలోని దీపాల వాట్లను సేకరించి పట్టిక తయారుచేయండి. ఏ ఇంట్లో ఇంకా ఎంత ఆదా చేయవచ్చు?
2. మీ బడిలో ఖాళీగా ఉన్న గదులలో వారం రోజులపాటు ఎన్ని గంటలు దీపాలు, ఫ్యాన్లు నడిచాయో రాయండి. అది ఎన్ని యూనిట్లు? ఎన్ని బిందెల నీరు?
3. పైన చెప్పిన ఫ్యాను లెక్కకు జవాబు: రోజుకు 0.45 యూనిట్. మరి సంవత్సరానికి ఎన్ని లీటర్ల నీరు?