ఐర్లాండ్ ఆలుగడ్డ కరువు: మన విత్తనానికి ఒక పాఠం



పోయిన నెల అమెరికాలో ఉండే మా అక్క కూతురు వీడియో కాల్ చేసింది. వాళ్ల బడిలో ఐరిష్ వారసత్వం, ప్రపంచ ఆకలి మీద వ్యాసరచన పోటీ పెట్టారట. "మామయ్యా, ఒక్క తెగులుకి పది లక్షల మంది ఎలా చనిపోయారు? నువ్వు అగ్రికల్చర్ డిప్లొమా చేశావు కదా, చెప్పు" అంది. డిప్లొమాలో నేను తెగులు పేరు, మందు పేరు చదివాను అంతే. తర్వాత కూర్చుని చదివి ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ఆ తెగులు లేట్ బ్లైట్. చల్లగా, తేమగా ఉంటే చాలు, ఆకు మీద నల్లమచ్చ, కింద తెల్లటి బూజు. గాలిలో పొలం నుంచి పొలానికి పోతుంది. వానకి భూమిలోకి దిగి గడ్డ కూడా కుళ్లుతుంది. (ఆకు మీద ఎలా మొదలవుతుందో పై వీడియోలో చూపించాను.) 1845లో ఐర్లాండ్‌లో కొంత పంట పోయింది, 1846లో దాదాపు అంతా పోయింది.

అక్కడి పేదలు ఎక్కువగా వేసింది లంపర్ అనే ఒక్క రకమే. నాసి నేలలో కూడా బాగా కాస్తుంది. కూలి మనిషి రోజుకి 5 కిలోల దాకా గడ్డలు, మజ్జిగతో తినేవాడట. ఆలుగడ్డకి గడ్డే విత్తనం కాబట్టి ప్రతి మొక్కా తల్లి మొక్కకి నకలే. ఒక మొక్క తట్టుకోలేకపోతే ఏదీ తట్టుకోలేదు. ఇలాంటి చోట బీజామృతం పట్టించినా రకం గుణం మారదు, ఇది మనం ఒప్పుకోవాలి.

అయితే పాపకి నేను గట్టిగా చెప్పింది ఇంకోటి. తెగులు పంటని చంపింది గానీ, మనుషుల్ని చంపింది ఒక్క తెగులే కాదు. ఆ దేశంలో ఓట్స్, వెన్న, పశువులు ఉన్నాయి. కౌలు కట్టడానికి అవి అమ్మాల్సిందే. జనం చస్తున్న 1847లో కూడా ఓడలెక్కి ఇంగ్లండ్ పోయాయి. మన దగ్గర 1876-78 ధాత కరువులో రాయలసీమ ఎండుతుంటే దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు, అదీ ఇదే కథ.

నన్ను బాగా పట్టేసిన విషయం ఒకటుంది. 1847లో తెగులు తక్కువ, వేసిన గడ్డ బాగానే పండింది. కానీ వేసిందే కొంచెం. ఆకలికి విత్తనం గడ్డలు తినేశారు మరి.

అంతా విని పాప అడిగింది: "మరి నీ పొలంలో ఎన్ని రకాల వరి ఉంది మామయ్యా?"

నాలుగెకరాలు, ఒక్క నవారా. దేశీ విత్తనాలు కాపాడాలని మీటింగుల్లో మాట్లాడేది నేనే! ప్యాకెట్ మీద ఒక్క పేరుంటే అమ్మకం తేలిక, అదీ సంగతి.

ఈ ఖరీఫ్‌కి ఒక ఎకరం కుజిపటాలియాకి విడిచిపెడుతున్నా. చిక్కేంటంటే ఎకరం వడ్లు విడిగా ఆడించాలంటే మిల్లు వాళ్లు ఒప్పుకోరు. పక్క రైతులు ఇద్దరు కూడా వేస్తామంటే లోడు సరిపోతుంది, మాట్లాడుతున్నా. నమ్మకమైన విత్తనం 20 కిలోల దాకా ఎవరి దగ్గరైనా ఉంటే కింద కామెంట్‌లో చెప్పండి, నేనే వచ్చి తెచ్చుకుంటా.