కథకుని గడువు – పిల్లల చదువు

మాయలు, మంత్రములు, రాక్షసులు, మాటలాడు మృగములు గల కథలను చదువునపుడు, వానిని వ్రాసినవారు ఏదో వింతలోకమున విహరించుచు, తోచినపుడు మాత్రమే కలము పట్టుదురని పిల్లలు తలంతురు. పెద్దలలోను ఈ భావము కలదు. కాని అట్టి కథకులలో పెక్కుమంది జీవితము తారీఖు చూచుకొని పని చేయు ఉద్యోగి జీవితమునకు మిక్కిలి దగ్గరగా నుండును. వారి ఊహకు రెక్కలున్నను, వారి వ్రాతకు గడువు కలదు. ఈ సంగతి మన పిల్లల తెలుగు చదువునకు ఎట్లు ఉపకరించునో తల్లిదండ్రులకు మనవి చేయ దలచితిమి.

మజిలీకొక కథ

కథను విడతలుగా వినుట తెలుగువారికి క్రొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారు 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగములుగా రచించిరి. అందు మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు బయలుదేరుచు ఒక గొల్లపిల్లవానిని తోడు రమ్మనును. దారిలో తాను చూచిన వింతలను గూర్చి అడిగినపుడెల్ల కథ చెప్పవలెనని ఆ పిల్లవాడు షరతు పెట్టును. కథ లేనిదే ప్రయాణము సాగదు. వినువానికి కథకునిపై గల ఈ అధికారమే తరువాతి కాలమున మాసపత్రికల ధారావాహికలకు ప్రాణమైనది. పాఠకుడు నెలకొకమారు 'తరువాత ఏమైనది?' అని అడుగును. రచయిత చెప్పి తీరవలెను.

చందమామ కార్యాలయమున

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసు నుండి 'చందమామ'ను తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిరి. 1949లో కన్నడ చందమామయు వెలువడెను. కావున మన బెంగుళూరులో ఒకే వీధిలోని తెలుగుపిల్లలును కన్నడపిల్లలును ఒకే మాంత్రికునికి భయపడి, ఒకే వీరుని మెచ్చుకొనుటకు వీలు కలిగెను.

ఆ మాంత్రికులను సృష్టించినవారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. వారు 1932లో గుంటూరు జిల్లాలో జన్మించిరి. 1952లో చందమామ సంపాదకవర్గమున చేరి, 2006 వరకు, అనగా ఏబది యేండ్లకు పైగా అచ్చటనే పని చేసిరి. 1954లో 'తోకచుక్క'తో ప్రారంభించి, సుమారు పాతికేండ్ల కాలములో పన్నెండు ధారావాహికలు వ్రాసిరి. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు తక్కినవి. శిథిలాలయములోని శిఖిముఖి, విక్రమకేసరి పేర్లు వినినంతనే నేటికిని ముఖము వికసించు తాతగార్లు మన యిండ్లలో నుందురు.

ధారావాహిక రచన యెంత కఠినమో కొంచెము ఆలోచింపుడు. ప్రతి భాగమునకు కేటాయించిన పుటలు కొలదియే. మొదట జరిగిన కథను నాలుగు వాక్యములలో గుర్తు చేయవలెను. నడుమ కథ ఒక అడుగు ముందునకు సాగవలెను. చివర ఒక చిక్కు మిగులవలెను. ఆ చిక్కే పిల్లవానిని మరుసటి నెల వరకు ఎదురు చూచునట్లు చేయును. చిత్రకారుడు బొమ్మ వేయవలెనన్న కథ ముందుగా చేతికి రావలెను. ఇతర భాషలలోనికి అనువదించువారికిని అది ముందుగా అందవలెను. ఒక్కరు ఆలస్యము చేసినచో పదిమంది చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే.

ఇంకొక కష్టమును కలదు. గ్రంథమును పూర్తిగా వ్రాసి ప్రకటించువాడు వెనుకకు పోయి దిద్దుకొనగలడు. నెలనెలకు వ్రాయువానికి ఆ సావకాశము లేదు. మూడవ నెలలో నదిలో పడిపోయిన కత్తి అయిదవ నెలలో వీరుని చేతిలో కనిపించినచో, పాత సంచిక దాచుకొనిన పిల్లవాడు వెంటనే పట్టుకొనును. కావున మాయాకథకుడు మిక్కిలి జాగ్రత్త గల లెక్కలమనిషి కావలెను.

ఇంత చేసియు, ఆ ధారావాహికలపై రచయిత పేరు ప్రకటింపబడెడిది కాదు. వానిని వ్రాసినవారెవరో పెక్కుమంది పాఠకులకు దశాబ్దముల వరకు తెలియదు. 2010లో వారు స్వర్గస్థులైరి. పిల్లలు మాత్రము ప్రతినెలయు తమకు రావలసిన కథను అందుకొనిరి.

వేదిక మీది కథకుడు

ఇందుకు భిన్నమైన జీవితము ఆంగ్ల రచయిత చార్లెస్ డికెన్సుది. ఆయనయు నెలవారీ విడతలతోనే ప్రసిద్ధికెక్కెను. 1837లో 'పిక్విక్ పేపర్స్', 'ఆలివర్ ట్విస్ట్' అను రెండు కథలను ఒకేకాలమున నడిపెను. ఆ సంవత్సరము మే నెలలో, తమ యింటనే యుండిన మరదలు హఠాత్తుగా మరణింపగా, ఆ దుఃఖమున ఆయన కలము కదలలేదు. జూన్ నెలలో ఆ రెండు కథలును వెలువడలేదు. అంతవరకు ఆయన గడువు తప్పనివాడగుటచే అది పాఠకులకు వింతగా తోచెను. దయ్యములు పాత్రలుగా గల 'క్రిస్మస్ కారల్'ను 1843లో సుమారు ఆరు వారములలో ముగించి, పండుగకు ముందే పుస్తకముగా అందించెను.

1858 మొదలు ఆయన తన కథలను సభలలో స్వయముగా చదువుచు ఊరూర తిరుగ నారంభించెను. 1867–68లో అమెరికాలోను చదివెను. జనము విరగబడి వచ్చిరి, ధనమును లభించెను. కాని దేహము ఓర్చుకొనలేదు. 1869లో పర్యటన నడుమ ఆరోగ్యము చెడి ఆగిపోవలసి వచ్చెను. 1870లో ఏబదియెనిమిదవ యేట మరణించెను. ఆయన వ్రాయుచుండిన నవల సగములో నిలిచిపోయెను. సభ రచయితకు పేరు తెచ్చును గాని, వ్రాయవలసిన కాలమును కూడ అదియే తీసికొనిపోవును.

మూడవ విధమును కలదు. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు టోల్కీన్ పాఠములు చెప్పుచు, పరీక్షాపత్రములు దిద్దుచు, మిగిలిన వేళలలో 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' వ్రాసెను. 1937లో ప్రారంభించిన కథ 1954–55లో గాని అచ్చునకు రాలేదు. మద్రాసులో తోకచుక్క వెలువడిన సంవత్సరముననే లండనులో దాని మొదటి సంపుటము వెలువడెను. గడువు ఒకరికి నెల, మరియొకరికి పదునేడేండ్లు. కాని ఇద్దరును పనిని మానలేదు.

మనకేమి?

మన పిల్లల సంగతి చూతము. వీరు ఇంట తెలుగు మాటలాడుదురు. వీధిలో కన్నడము, చదువులో ఇంగ్లీషు వాడుదురు. మాటలాడుటలో లోపము లేదు. కాని ఊరి నుండి అమ్మమ్మ వ్రాసిన ఉత్తరమును చదువలేక తండ్రి చేతికిచ్చు పిల్లలను మేము ప్రతి సంవత్సరమును చూచుచున్నాము. చదువు రాని భాష ఒక తరమునకు వినికిడిగా మిగులును. తరువాతి తరమునకు అదియు మిగులదు. వారమునకు కొలది గంటల తెలుగు పాఠముతో పాఠశాల ఒక్కటియే దీనిని ఆపజాలదు.

'తెలుగునకు తీరిక యెక్కడ?' అని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. ఈ నగరమున రాకపోకలకే దినములో పెద్దభాగము పోవునని మేమెరుగుదుము. అందుచేతనే సెలవులలో ఒక్కుమ్మడిగా నేర్పుద మనుకొనుట ఫలింపదు. మాసపత్రిక కథకుని పద్ధతియే మనకు తగినది. కొంచెము, కాని తప్పక. చిన్న విడత, కాని తారీఖునకు. ఇంట చేయదగినవి ఇవి:

1. వారమునకొక దినమును 'కథదినము'గా నిర్ణయింపుడు. ఆ దినమున ఒక్క భాగమే చదువవలెను. పిల్లవాడు ఇంకను కావలెనన్నను పుస్తకము మూయుడు. ఆ ఆకలియే మరుసటి వారమునకు పెట్టుబడి. చందమామ పత్రిక అచ్చు ఆగిపోయినను, ఆ ధారావాహికలు పుస్తకములుగా వెలువడినవి.

2. క్రొత్త భాగమునకు ముందు, జరిగిన కథను నాలుగు తెలుగు వాక్యములలో పిల్లవానిచే చెప్పింపుడు. నడుమ కన్నడ, ఇంగ్లీషు మాటలు దొరలినచో కోపింపక, తెలుగు మాటను మీరందింపుడు.

3. భాగము ముగిసిన పిదప, 'తరువాత ఏమగును?' అని అయిదు పంక్తులు వ్రాయింపుడు. మొదటి నెలలో తప్పులు దిద్దవలదు. గడువు మాత్రము సడలింపవలదు.

4. తెలుగు, కన్నడ లిపులు తోబుట్టువులు. బడిలో కన్నడము నేర్చిన పిల్లవానికి రెండు అక్షరమాలలను ప్రక్కప్రక్కన వ్రాసి చూపుడు. చాల అక్షరములను తానే పోల్చుకొనగలడు. ఒక భాష మరియొకదానికి అడ్డు కాదు, మెట్టు.

5. 2012 నుండి మన నగరములో సాహిత్యోత్సవము జరుగుచున్నది. సంఘములవారును రచయితలను పిలిచి సన్మానించుచుందురు. అట్టి సభకు పిల్లలను తీసికొనిపోవుటకు ముందు, ఆ రచయిత కథ నొకదానిని చదివింపుడు. రచయితకు శాలువ కంటె, తన కథ చదివిన పిల్లవాడడిగిన ప్రశ్నయే మిక్కిలి ప్రియము.

ఇందు దేనికిని అరగంట కంటె ఎక్కువ పట్టదు. వెచ్చమును స్వల్పమే. కావలసినది మాట తప్పకుండుట. ఇంట పని పెరిగినను, బంధువులు వచ్చినను, కథదినము తప్పరాదు. పేరైనను వేయించుకొనక ఒక్కరు నెలనెలకు వ్రాసిన కథలు ఎన్నో యిండ్లలో పిల్లలచే తెలుగు చదివించినవి. మన యింటిలో ఉన్న ఒకరిద్దరు పిల్లలకై వారమునకొక అరగంట గడువును మనము పాటింపగలము. వచ్చు ఆదివారముననే ప్రారంభింపుడని తల్లిదండ్రులను కోరుచున్నాము.