మూలుగ మార్పిడి తర్వాత ఇంట్లో: ఏ గడువు ఏ రోజున మొదలవుతుంది?

మూలుగ మార్పిడిలో మూలకణాలను రక్తంలోకి ఎక్కించిన రోజును సున్నా రోజు అంటారు. ఎక్కించిన కణాలు కుదురుకుని కొత్త రక్తం తయారుచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ తర్వాతే రోగిని ఇంటికి పంపుతారు. తోబుట్టువు లేదా మరో దాత మూలుగ తీసుకున్నవారికి నూరో రోజు దాటేవరకూ గండం గడిచినట్టు కాదు. ఇన్‌ఫెక్షన్ల భయం ఉంటుంది, దాత కణాలు రోగి ఒంటిపైనే తిరగబడే ప్రమాదమూ ఉంటుంది. అందుకే ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు, పూటకు పూట వండిన వేడి అన్నం, గడప దాటితే మాస్కు, వారం వారం రక్తపరీక్ష తప్పవు.

చట్టానికి ఈ సున్నా రోజుతో పనిలేదు. బీమా కంపెనీ డిశ్చార్జి తేదీ నుంచి లెక్కపెడుతుంది. ఈఎస్‌ఐ సెలవు పెట్టిన నాటి నుంచి, వినియోగదారుల కమిషన్ వివాదం పుట్టిన రోజు నుంచి లెక్కిస్తాయి. ఈ లెక్కలు కలవని చోటే కుటుంబం చేతి నుంచి డబ్బు జారిపోతుంది.

డిశ్చార్జి తర్వాతి మందులు, పరీక్షల ఖర్చును ఆరోగ్య బీమా కొన్ని రోజుల వరకే భరిస్తుంది. ఆ గడువు పాలసీని బట్టి 60, 90 లేదా 180 రోజులు ఉంటుంది. సున్నా రోజు తర్వాత 25వ రోజున ఇంటికి వచ్చిన రోగికి 60 రోజుల పాలసీ ఉంటే, ఆ గడువు 85వ రోజుతో ముగుస్తుంది. నూరో రోజున చేసే మూలుగ పరీక్ష బిల్లు జేబులోంచే కట్టాలి. అయితే మధ్యలో జ్వరం వచ్చి మళ్లీ ఆసుపత్రిలో చేరితే అది సాధారణంగా కొత్త క్లెయిము కిందికి వస్తుంది, దాని తర్వాతి రోజుల లెక్క కూడా కొత్తగా మొదలవుతుంది. ఈ సంగతి తెలియక రెండోసారి డిశ్చార్జి తర్వాతి బిల్లులను చించి పారేసే ఇళ్లు ఎన్నో.

బిల్లుల విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. మందుల షాపులో తొందరలో 'క్యాష్' పేరుతో కొట్టిచ్చే బిల్లు చెల్లదు; రోగి పేరు, తేదీ, దానికి సరిపోయే ప్రిస్క్రిప్షన్ ఉండాలి. రెండోది, మెషీన్‌లో వేడితో అచ్చయ్యే బిల్లుల మీది అక్షరాలు రెండు మూడు నెలల్లో వెలిసిపోతాయి. తెచ్చిన రోజే జిరాక్సు తీయించకపోతే క్లెయిము పెట్టే నాటికి చేతిలో తెల్లకాగితమే మిగులుతుంది. కాగితాలు పంపడం కొంత ఆలస్యమైనా, అందుకు తగిన కారణం ఉంటే ఆలస్యం ఒక్కటే చూపి క్లెయిమును కొట్టేయవద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది.

అసలు మార్పిడికే బీమా వర్తించదన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలుగ మార్పిడిని, నోటి ద్వారా తీసుకునే కీమోథెరపీని కవర్ చేయాలని ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. కంపెనీలు దీనికి ఉపపరిమితి పెట్టవచ్చు కాబట్టి పాలసీలో ఆ అంకె చూసుకోవాలి. అయిదేళ్లు విడవకుండా ప్రీమియం కట్టిన పాలసీ మీద, మోసం నిరూపిస్తే తప్ప, పాత జబ్బు దాచారన్న సాకు పనిచేయదు. ఒక ఏడాది పెద్ద క్లెయిము తీసుకున్నారని మరుసటి ఏడాది రెన్యువల్ నిరాకరించడం కూడా కుదరదు. తీవ్రవ్యాధుల పాలసీ విడిగా ఉంటే దాన్ని తప్పక బయటికి తీయాలి. ఆ పాలసీల ప్రామాణిక జాబితాలో మూలుగ మార్పిడి ఉంది, బిల్లులతో నిమిత్తం లేకుండా ఒకేసారి సొమ్ము ఇస్తారు.

వీటన్నిటికీ ఆధారం ఆసుపత్రి కాగితాలే. రోగి గానీ, అతడు అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. అడగడం రాతపూర్వకంగా ఉండాలి, దాని నకలు మీద అందినట్టు సంతకం తీసుకోవాలి. డిశ్చార్జి సమ్మరీలో సున్నా రోజు తేదీ, మార్పిడి రకం, అసలు వ్యాధి పేరు, ఎన్నాళ్లు జనంలోకి వెళ్లకూడదో ఉన్నాయా అని ఇంటికి బయల్దేరేముందే చూసుకోవాలి.

వ్యాధి పేరు ఎందుకంత ముఖ్యమో రైలు టికెట్టు చూస్తే తెలుస్తుంది. చికిత్సకో చెకప్‌కో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్టు పూర్తి ఉచితం. తలసీమియా రోగికి 75 శాతం రాయితీ, అప్లాస్టిక్ అనీమియా రోగికి సగమే. ముగ్గురికీ జరిగింది ఒకే మార్పిడి. ముగ్గురూ అదే వార్డులో, అదే గొట్టంతో కణాలు ఎక్కించుకున్నవారే. గుర్తింపు పొందిన ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత నమూనా పత్రాన్ని రిజర్వేషన్ కౌంటర్లో చూపాలి.

తేడా ఇక్కడితో ఆగదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులను గుర్తించింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకూడదని, అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలని ఆ చట్టం 20వ సెక్షన్ అంటుంది. ల్యుకేమియా గానీ అప్లాస్టిక్ అనీమియా గానీ ఆ జాబితాలో లేవు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 80డీడీబీ పేరుతో తెలిసిన మినహాయింపు క్యాన్సర్‌కు, తలసీమియాకు ఉంది. అప్లాస్టిక్ అనీమియా అందులోనూ కనిపించదు. ఇది కచ్చితంగా చట్టంలోని లోటే.

నెలకు రూ. 21,000 లోపు జీతంతో ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న ఉద్యోగికి అనారోగ్య భృతి జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజులు వస్తుంది. మార్పిడికి ముందరి కీమోథెరపీలోనే ఆ 91 రోజులూ ఖర్చయిపోవడం మామూలు. తీరా ఇంటికొచ్చి కోలుకోవలసిన నెలల్లో ఇక ఏమీ రాదనుకుని చాలామంది ఊరుకుంటారు. క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక జబ్బులకు పొడిగింపు భృతి ఉంది. సర్వీసు, చందా నిబంధనలకు లోబడి జీతంలో 80 శాతం చొప్పున, రెండేళ్ల దాకా అది అందవచ్చు. అనారోగ్య భృతి పొందుతున్న కాలంలో ఉద్యోగం నుంచి తీసేయకూడదని 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్‌లోనే రాశారు. ఈఎస్‌ఐ లేని ప్రైవేటు ఉద్యోగికి కంపెనీ నియమాలే దిక్కు. సెలవు గానీ ఇంటి నుంచి పని గానీ ఫోన్లో కాక ఈమెయిల్‌లో, డాక్టరు లేఖ జతచేసి అడగడం మేలు.

పెద్ద నగరంలో మార్పిడి చేయించుకున్న జిల్లా కుటుంబాలు నూరు రోజులూ ఆసుపత్రి చుట్టుపక్కల అద్దె గదిలో ఉంటాయి. పక్క స్థలంలో పునాదులు తవ్వుతుంటే లేచే దుమ్ముతో బూజు కణాలు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, ఈ రోగికి అవి ప్రాణాంతకం కావచ్చు. నిర్మాణ స్థలం చుట్టూ తెర కట్టడం, నీళ్లు చల్లడం బిల్డరు బాధ్యత. మునిసిపాలిటీకి ఫిర్యాదు చేసినా కదలిక లేకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద కలెక్టరును గానీ ఆర్డీవోను గానీ ఆశ్రయించవచ్చు. అయితే ఆ సెక్షన్ నలుగురికీ కలిగే ఇబ్బందికి ఉద్దేశించింది. అందుకే ఒక ఇంటి గోడుగా కాక వీధివాళ్లందరి సంతకాలతో అర్జీ వెళ్లాలి.

సంతకం కోసం రోగి బ్యాంకు క్యూలో నిలబడనక్కరలేదు. దీర్ఘకాలిక జబ్బు ఉన్నట్టు వైద్య ధ్రువీకరణ ఉన్నవారికి ఇంటి దగ్గరే ప్రాథమిక సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో బ్యాంకులకు సూచించింది. మార్పిడి జరిగింది బడి పిల్లలకైతే హాజరు సమస్య వస్తుంది. కావలసిన 75 శాతం హాజరులో తీవ్ర అనారోగ్యం ఉన్నవారికి సీబీఎస్‌ఈ 25 శాతం వరకు సడలింపు ఇస్తుంది. ఏడాది చివర కాక, సెలవు మొదలైనప్పుడే పత్రాలు బడికి ఇవ్వాలి.

బీమా క్లెయిము తిరస్కరణకు గురైతే ముందు కంపెనీకే రాతపూర్వకంగా అభ్యంతరం పంపాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలుతో పనిలేదు, రూ. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించగలదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే గడువు రెండేళ్లు. ఆసుపత్రి, బీమా సేవల తగాదాలను కోర్టు ఫీజు లేకుండా శాశ్వత లోక్ అదాలత్ కూడా విచారిస్తుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు. ఆ టోల్‌ఫ్రీ నంబరు 15100. రోగి గడప దాటలేని స్థితిలో ఉంటే వినియోగదారుల కమిషన్‌లో వీడియో ద్వారా విచారణ కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు, 2019 చట్టం 38వ సెక్షన్ అందుకు వీలు కల్పించింది.