మలీద ముద్ద

ప్రియమైన మనుమరాలికి,

నువ్వడిగింది ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం. సద్దుల బతుకమ్మ నాడు నీ రూమ్మేటు మలీద ముద్ద తెచ్చి ‘ప్రసాదం’ అని చేతిలో పెడితే, కాదనలేక డబ్బాలో దాచి మర్నాడు పారేశానన్నావు. తప్పా తాతయ్యా అన్నావు. పారేయడం తప్పే తల్లీ. తినాలా వద్దా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న కొరింథు సంఘం పౌలును దాదాపు రెండువేల ఏళ్ల కిందటే అడిగింది. ఆ ఊళ్లో గుడిలో బలిచ్చిన మాంసం కటిక అంగడికీ వచ్చేది, పొరుగింటి విందుకూ వచ్చేది. మొదటి కొరింథీ పత్రిక 8వ అధ్యాయం నుంచి 10 దాకా ఒక్క బిగిన చదువు. ముక్కలుగా చదివితే ఎవరికి కావలసిన వచనం వాళ్లకు దొరుకుతుంది. విగ్రహం వట్టిదంటాడు. అంగట్లో అమ్మేది ఆరా తీయకుండా తినమంటాడు. అన్యుడు విందుకు పిలిస్తే వెళ్లి, పెట్టింది తినమంటాడు. ఎవరైనా ‘ఇది బలి అర్పించింది’ అని చెబితే మాత్రం మానేయమంటాడు. అదీ నీ మనస్సాక్షి కోసం కాదు, చెప్పినవాడి కోసం. ‘ప్రసాదం’ అని చెప్పి మరీ పెట్టింది కాబట్టి నీది ఈ చివరి సందర్భమే. అందుకే నేనైతే తినను. తినే విశ్వాసులున్నారు, వాళ్లకు తీర్పు తీర్చను; రోమా పత్రిక 14వ అధ్యాయం నా నోరు కట్టేసింది.

నీ ప్రార్థన గుంపులో ఎవరో ‘అది దయ్యాలకు పెట్టింది’ అన్నారట. పౌలు ఆ మాట రాసిన సంగతి నిజమే, 10వ అధ్యాయంలోనే ఉంది. అయితే ఎవరితో అన్నాడో చూడు. గుడి బల్ల దగ్గరా ప్రభువు బల్ల దగ్గరా రెండుచోట్లా కూర్చునే తన సంఘంతో అన్నాడు. పొరుగువాడి ముఖాన అనలేదు. ఏథెన్సులో విగ్రహాలు చూసి లోపల ఉడికిపోయినవాడే, నోరు తెరిచి వాళ్ల బలిపీఠం మీది రాతతోనే మాట మొదలుపెట్టాడు.

నేనది ఆలస్యంగా నేర్చుకున్నాను. కొత్తగా సంఘం అప్పగించిన రోజుల్లో, సంక్రాంతికి పక్కింటి పెద్దమ్మ అరిసెలు పంపితే గుమ్మంలోంచే తిప్పి పంపాను. అవి దేవుడి ముందు పెట్టినవో కావో అడగనైనా లేదు. ఆ తర్వాత ఆమె మా ఇంటికి అరిసె పంపలేదు, మా క్రిస్మస్ కేకు ముట్టలేదు. పౌలు వద్దన్న ఆరా నేను తీయలేదు సరే, తినమన్నది మాత్రం తినలేదు.

ఇక బతుకమ్మ ఆడటం. ‘అది సంస్కృతే కదా’ అని నీకు నువ్వు సర్దిచెప్పుకోకు. ఆడేవాళ్లు గౌరమ్మను చేసి, పూజించి ఆడతారు. నీ వీలుకోసం వాళ్ల భక్తిని ఉత్త పూల ఆట అనడం వాళ్లను చిన్నబుచ్చడమే. తంగేడు పూలు తెచ్చివ్వు, పేర్చేటప్పుడు పక్కన కూర్చో, పాట విను. తిరగలేనని ముందే చెప్పు. మన గుడికి వచ్చిన హిందూ స్నేహితులు ప్రభురాత్రి భోజనం తీసుకోరు. వాళ్లకూ అవమానం లేదు, మనకూ కోపం లేదు.

అలాగని ఈ నేల వాసన తగిలినదల్లా వదిలేయాలంటే మనకేం మిగలదు. మన డోర్నకల్ గుడినే చూడు. 1912లో బిషప్పయి, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా నిలిచిన అజరయ్యగారు కట్టించి 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలు మసీదును, స్తంభాలు కోవెల మండపాన్ని తలపిస్తాయి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు రాగతాళాలతోనే పాడుకుంటున్నాం. కోత పండుగకు తొలి వరికంకులూ గుమ్మడికాయలూ కోళ్లూ తెచ్చి వేలం వేసుకోవడం రైతు బుద్ధి. బైబిల్లో లేనిదల్లా వదిలేయాలన్నా అంతే; క్రిస్మస్ తేదీ సంగతికొస్తే, డిసెంబరు 25 బైబిల్లో లేదు. ఆ కారణంగానే 1659లో మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు పండుగ చేసుకున్నవాళ్లకు ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681 దాకా ఎత్తేయలేదు. వాళ్ల భక్తిని శంకించను. అక్కడ నేను పుట్టనందుకు మాత్రం సంతోషమే!

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది. ఆ అమ్మాయితో ముద్ద పారేశానని చెప్పి క్షమాపణ అడుగు. ఈసారి నుంచి రెండు చేతులూ జోడించి, ‘మా నమ్మకం ప్రకారం నైవేద్యం తినను, నీ మీద ప్రేమ లేక కాదు’ అని అప్పుడే చెప్పెయ్యి. మొదటిసారి గొంతు వణుకుతుంది, ఫర్వాలేదు.

క్రిస్మస్‌కి తనను వెంటబెట్టుకు రా. గుడ్డు తింటుందో తినదో ముందే కనుక్కో. తినదంటే నానమ్మ గులాబీ పువ్వుల పిండి గుడ్డు లేకుండా వేరే కలుపుతానంది.

మీ తాతయ్య