శరదృతువులో వామనవృక్షముల సంరక్షణ



పాడుబడిన బావి ఒరలోను, పాత మిద్దెగోడ పగుళ్లలోను పక్షులు రెట్టతో వేసిన విత్తనములు మొలిచి రావి, మర్రి, జువ్వి మొక్కలు పెరుగుట మీరు చూచియే యుందురు. చేనిగట్టున మేకలు మేసి మేసి గిడసబారిన చింత, రేగు మొక్కలును ఉండును. ఇట్టి వానిని వేళ్లతో తీసి, కుండీలో ఏండ్ల తరబడి పొట్టిగా పెంచినచో అదియే వామనవృక్షము, అనగా బోన్సాయ్. ఈ విద్య చైనాలో పుట్టి జపానులో వృద్ధి చెందినది. గోడను చీల్చు మొక్కను ఎటులైనను పెరికివేయవలసినదే. దానిని బ్రతికించుకొన్నచో ఏటేట విలువ పెరుగును.

అయితే చలిదేశముల పుస్తకములలో శరత్కాలమనగా ఆకు రాలి చెట్టు నిద్రకు సిద్ధపడు కాలము. ఏర్పేడు ప్రాంతమున అట్లు కాదు. ఇచ్చట ఆశ్వయుజ, కార్తీక మాసములు ఈశాన్య ఋతుపవనపు వానకాలము. 2021 నవంబరులో తిరుపతి పరిసరములలో కురిసిన కుంభవృష్టిని, స్వర్ణముఖి వరదను మీరు మరచియుండరు. మన చెట్టుకు ఈ కాలపు శత్రువు చలి కాదు. కుండీలో నిలిచిన నీరు.

చిగురును చూచి మోసపోరాదు

ఈ ఏడు తీసిన మొక్క గుబురుగా చిగిర్చినంత మాత్రమున నాటుకొన్నదని తలపరాదు. మానులో నిలువయున్న ఆహారముతోనే అది చిగిర్చియుండవచ్చును. వేళ్లు ఇంకను లేతవి. నీరు నిలిచిన మట్టిలో గాలి ఆడదు. గాలి లేక వేరు కుళ్లును. వేరు కుళ్లగనే ఆకు వాడును. వాడిన ఆకును చూచి మనము మరికొంత నీరు పోయుదుము. పెక్కు మొక్కలు ఇట్లే చచ్చుచున్నవి.

ఇప్పుడు చేయవలసిన పనులు

1. కుండీ అడుగు రంధ్రములను పుల్లతో పొడిచి శుభ్రపరచుడు. నీటి పళ్లెమును తీసివేయుడు. కుండీకి ఒక ప్రక్క ఇటుకముక్క పెట్టి వాల్చినచో నీరు త్వరగా జారిపోవును.

2. రెండు దినములు విడువక వాన కురిసినచో కుండీని వసారాలోనికి చేర్చుడు. తెరిపి ఇవ్వగనే తిరిగి ఎండలో ఉంచుడు.

3. చీపురుపుల్లను రెండంగుళముల లోతు గ్రుచ్చి తీయుడు. దానికి తడి మట్టి అంటినచో ఆ దినము నీరు పోయరాదు.

4. వాయుగుండపు గాలికి మాను కదలినచో లేతవేళ్లు తెగును. కొబ్బరితాటితో మానును కుండీకి బిగించి కట్టుడు.

5. వేళ్లు కత్తిరించుట, కుండీ మార్చుట, పెద్ద కొమ్మలు కోయుట ఇప్పుడు వలదు. గాలికి విరిగిన కొమ్మను మాత్రము నున్నగా కోసి బోర్డో ముద్ద పూయుడు. 100 గ్రాముల మైలుతుత్తమును, 100 గ్రాముల సున్నమును వేర్వేరుగా తడిపి కలిపి, మొత్తము ఒక లీటరు నీటితో ముద్ద చేయవలెను. ఇనుప పాత్ర వాడరాదు.

6. పిండినల్లి కనబడినచో నీటితో గట్టిగా కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి చల్లుడు.

7. ఈ ఏడు తీసిన మొక్కకు ఎరువు వేయరాదు. వేరూనిన పాత చెట్లకు వానలు తగ్గిన పిదప, నానబెట్టిన వేరుశనగచెక్క తేటను పదిరెట్లు నీటితో పలుచన చేసి పోయవచ్చును.

రాబోవు ఏటి ఆలోచన

ప్రతి చెట్టునకు నోటుపుస్తకములో ఒక పుట కేటాయించుడు. ఎచ్చట, ఏ నెలలో తీసితిరో, ఏ కొమ్మ ఉంచదలచితిరో వ్రాయుడు. చింతకు పాత ఆకు రాలి కొత్త చిగురు వచ్చుటకు ముందు, అనగా మాఘ ఫాల్గుణములలో కుండీ మార్చవచ్చును. రావి, మర్రి, జువ్వి జాతులకు తొలకరి అనుకూలము. అందుకు కావలసిన ముతక ఇసుక, ఇటుక రవ్వ, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు ఈ లోపున జల్లించి సిద్ధపరచుకొనవలెను. మొదటి రెండు మూడేండ్లు లోతైన కుండీయే మేలు. పలుచని పళ్లెమునకు తొందరపడరాదు.

కొత్త మొక్కల కొరకు శేషాచలము కొండలకు పోవలదు. రిజర్వు అడవిలో మొక్క పెరుకుట నేరము. ఎర్రచందనమును తాకనే రాదు. మీ ఊరి బావులను, గోడలను, గట్లను ఇప్పుడే చూచి, యజమాని అనుమతి పొంది, తీయదగిన మొక్కలను గుర్తించి ఉంచుకొనుడు. తీయుట మాత్రము తొలకరి వరకు ఆగవలెను.